గాలిలోని విషవాయువులను రంగు మార్పుతో గుర్తించే సెన్సార్లు: కోళ్ల షెడ్లలో, ధాన్యపు గోదాముల్లో వాటి వినియోగం

వ్యవసాయ, పశుసంవర్ధక పనుల్లో మనుషులకూ పశుపక్ష్యాదులకూ తరచుగా ఎదురయ్యే విషవాయువులు ప్రధానంగా మూడు. కోళ్ల షెడ్లలో రెట్ట నుంచి వెలువడే అమ్మోనియా మొదటిది. నిల్వ ధాన్యంలో పురుగులను చంపేందుకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి పుట్టే ఫాస్ఫీన్ రెండవది. పేడ గుంతల్లో, బయోగ్యాస్ తొట్టెల్లో, మురుగు గుంతల్లో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ మూడవది. వీటిని పసిగట్టే పనిని మనం ఇప్పటికీ ఎక్కువగా ముక్కుకే అప్పగిస్తున్నాము. అయితే ఈ మూడింటి విషయంలోనూ ముక్కు నమ్మదగిన సాక్షి కాదు.

రోజంతా షెడ్డులో తిరిగే పనివారి ముక్కు అమ్మోనియా వాసనకు అలవాటుపడిపోతుంది. బయటి నుంచి వచ్చినవారి కళ్లు మండుతున్నా, లోపల ఉన్నవారు వాసన పెద్దగా లేదంటారు. హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా స్వల్ప గాఢతలోనే కుళ్లిన గుడ్డు వాసన ఇస్తుంది. కానీ దాని గాఢత పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలకు, అంటే 100 పీపీఎంకు చేరేసరికి అది ఘ్రాణ నాడులనే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గిందని మనిషి ముందుకు అడుగు వేసేది సరిగ్గా అప్పుడే. ఫాస్ఫీన్ సంగతి ఇంకా విచిత్రం. శుద్ధమైన ఫాస్ఫీన్‌కు వాసన లేదు. మనకు తెలిసిన వెల్లుల్లి వాసన, కుళ్లిన చేప వాసన అందులోని మలినాల వలన వచ్చేవి. ధాన్యం ఆ మలినాలను పీల్చుకొంటే వాసన పోతుంది, విషం మిగులుతుంది.

ఎలక్ట్రానిక్ మీటర్లు ఈ వాయువులను కచ్చితంగా కొలవగలవు. అయితే వాటిని ఎప్పటికప్పుడు ప్రామాణిక వాయువుతో సరిచూసుకోవాలి. వాటిలోని విద్యుత్ రసాయన కణాలకు ఆయుష్షు పరిమితం. ఎడతెగకుండా అమ్మోనియాలో ఉంచితే ఆ కణం మరింత త్వరగా అరిగిపోతుంది. ఫాస్ఫీన్ అయితే రాగిని తినివేస్తుంది గనుక, రాగి తీగలున్న ఏ పరికరానికైనా హానికరమే. ఈ కారణాల వలన రంగు మారే కాగితాలు, గాజు గొట్టాలు, బ్యాడ్జీలు నేటికీ తమ స్థానాన్ని నిలుపుకొన్నాయి. వాటిని చదవడానికి కరెంటు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. అయితే ఏ రంగు ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో తెలిసి ఉండాలి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ విషయం గురించే.

రంగు మార్పు వెనుక రసాయన శాస్త్రం

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో తెలియనివారు లేరు. కుంకుమ తయారీ, పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, అన్నీ ఈ చర్య మీద ఆధారపడినవే. పసుపులోని కర్‌క్యుమిన్ క్షార మాధ్యమంలో తన నిర్మాణాన్ని కొద్దిగా మార్చుకొని, కాంతిని వేరే విధంగా శోషిస్తుంది. కాబట్టి రంగు మారుతుంది. అమ్మోనియా కూడా నీటిలో కరిగి క్షారాన్ని ఇస్తుంది. తడిపిన పసుపు కాగితాన్ని అమ్మోనియా సీసా మూతి దగ్గర పట్టుకొంటే అది ఎర్రబడటం ఏ పాఠశాల ప్రయోగశాలలోనైనా చూడవచ్చు.

మరి కోళ్ల షెడ్డుకు పసుపు కాగితం చాలదా? చాలదు. పసుపు ఎరుపెక్కాలంటే కాగితం మీది తేమ పీహెచ్ 8 దాటాలి. గాలిలో అమ్మోనియా తక్కువగా ఉన్నప్పుడు ఆ స్థాయికి చేరడానికి చాలా సమయం పడుతుంది, వచ్చిన రంగు కూడా స్పష్టంగా ఉండదు. పైగా షెడ్డు గాలిలో కోళ్లు విడిచే కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్ని కొంత తటస్థీకరిస్తూనే ఉంటుంది. అందుకే అమ్మోనియా సెన్సార్లలో ఆమ్ల స్థితిలోనే రంగు మారే సూచికలను ఎంచుకొంటారు. బ్రోమోక్రెసాల్ గ్రీన్ పీహెచ్ 3.8 దగ్గర పసుపుగా, 5.4 దగ్గర నీలంగా ఉంటుంది. బ్రోమోఫినాల్ బ్లూ 3.0, 4.6 మధ్యలో పసుపు నుంచి ఊదా నీలానికి మారుతుంది. సూచికతో పాటు కాగితంలో కొద్దిపాటి ఆమ్లాన్ని ముందుగానే ఉంచుతారు. గాలిలోని అమ్మోనియా ఆ ఆమ్లాన్ని తటస్థీకరించిన మేరకే రంగు మారుతుంది. ఆమ్లం తక్కువగా ఉంటే కాగితం సున్నితంగా ఉంటుంది, ఎక్కువగా ఉంటే మొండిగా ఉంటుంది. ఒకే రంగు పదార్థంతో వేర్వేరు గాఢతలకు కాగితాలు తయారుచేయడంలోని కిటుకు ఇదే.

హైడ్రోజన్ సల్ఫైడ్, ఫాస్ఫీన్ వాయువులకు వేరే దారి కావాలి. లెడ్ అసిటేట్ ద్రావణంలో ముంచి ఆరబెట్టిన కాగితం హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే గోధుమ రంగుకు, ఆ తరువాత నలుపుకు మారుతుంది. అక్కడ ఏర్పడేది లెడ్ సల్ఫైడ్. సీసపు తెలుపుతో వేసిన పాత తైలవర్ణ చిత్రాలు కాలక్రమంలో నల్లబడటానికి కారణం కూడా ఈ చర్యే. సిల్వర్ నైట్రేట్ కాగితం ఫాస్ఫీన్ తగిలితే నల్లబడుతుంది.

ఈ రెండు తెగలకూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. అమ్మోనియా కాగితాన్ని స్వచ్ఛమైన గాలిలోకి తెస్తే అమ్మోనియా వీడిపోయి రంగు చాలావరకు వెనక్కి రావచ్చు. లెడ్ అసిటేట్ కాగితం ఒకసారి నల్లబడితే అది అంతే. మొదటిదాన్ని ఉష్ణమాపకంతో, రెండవదాన్ని వర్షమాపకంతో పోల్చవచ్చు. ఉష్ణమాపకం ఈ క్షణపు స్థితిని చూపుతుంది. వర్షమాపకం ఉదయం నుంచి కురిసినదంతా కూడగట్టుకొని చూపుతుంది. వర్షమాపకంలో 20 మిల్లీమీటర్ల నీరు కనిపిస్తే అది పది నిమిషాల కుంభవృష్టో, పగలంతా పడిన జల్లో నీటిని చూసి చెప్పలేము. నల్లబడిన కాగితం కూడా అంతే. గాఢతను సమయంతో గుణించగా వచ్చినదాన్నే అది చూపుతుంది. అందుచేత కాగితాన్ని ఎప్పుడు వేలాడదీశారో, ఎప్పుడు తీశారో రాసిపెట్టకపోతే ఆ నలుపుకు విలువ లేదు. క్షేత్రస్థాయిలో ఎక్కువగా విస్మరించబడేది ఈ చిన్న విషయమే.

కోళ్ల షెడ్డులో అమ్మోనియా

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందువరుసలో ఉన్నది, తెలంగాణ కూడా ప్రధాన ఉత్పత్తిదారుల్లో ఒకటి. కాబట్టి ఈ వాయువు మనకు అతి దగ్గరి సమస్య. కోడి తన శరీరంలోని అదనపు నత్రజనిని యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తుంది. రెట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి అమ్మోనియాను విడుదల చేస్తాయి. ఈ పనికి తేమ, వెచ్చదనం, క్షారత అనుకూలిస్తాయి. లిట్టరులో తేమ 30 శాతం దాటితే అమ్మోనియా వేగంగా పెరుగుతుంది. నీటి నిపుల్స్ కారడం, చలికాలపు రాత్రుల్లో పరదాలు పూర్తిగా దించడం, ఒక బ్యాచ్ లిట్టరునే తరువాతి బ్యాచ్‌కూ ఉంచడం, ఇవి మూడూ కలిస్తే తెల్లవారేసరికి షెడ్డులో గాలి ఘాటెక్కుతుంది.

అమ్మోనియా కోడి శ్వాసనాళంలోని సూక్ష్మ రోమాలను దెబ్బతీస్తుంది. దుమ్మును, క్రిములను బయటకు నెట్టవలసినవి ఆ రోమాలే. 1964లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 20 పీపీఎం అమ్మోనియాలో 72 గంటలు ఉంచిన కోళ్లు కొక్కెర తెగులు వైరస్‌కు మరింత తేలికగా లోబడినట్లు తేలింది. టీకాలు వేసినా రోగం వచ్చిందని వాపోయే రైతు, టీకా నాణ్యతతో పాటు షెడ్డు గాలిని కూడా అనుమానించవలసి ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2007లో తెచ్చిన బ్రాయిలర్ల సంక్షేమ నిబంధనల ప్రకారం, ఎక్కువ సాంద్రతతో కోళ్లు పెంచే షెడ్లలో అమ్మోనియా 20 పీపీఎంకు మించరాదు. ఆ నిబంధనలో ఒక మాట ప్రత్యేకంగా గమనించదగినది. కొలత కోడి తల ఎత్తులో తీసుకోవాలి.

ఈ మాటకు చాలా అర్థం ఉన్నది. అమ్మోనియా గాలి కంటే తేలికైనదే అయినా, అది పుట్టే చోటు నేల. నేలకు దగ్గరగా దాని గాఢత ఎక్కువ. నిలబడిన మనిషి ముక్కు దగ్గర మంచిగా కనిపించే గాలి, బ్రూడర్ కింది పిల్ల ముక్కు దగ్గర అంత మంచిది కాకపోవచ్చు. కాబట్టి కాగితాన్ని నిలబడి కాక, వంగి పట్టుకోవాలి.

మార్కెట్లో దొరికే అమ్మోనియా పరీక్ష పట్టీలను స్వేదన జలంతో తడిపి, నిర్ణీత క్షణాల పాటు గాలికి చూపించి, వెంటనే రంగుల పట్టికతో పోల్చాలి. స్వేదన జలానికి బదులు బోరు నీరు వాడితే ఫలితం తప్పుతుంది. మన బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, వాటి పీహెచ్ చాలాచోట్ల 7.5 పైనే ఉంటుంది. అమ్మోనియా లేకపోయినా పట్టీ రంగు మారుతుంది. చేతి చెమట, సబ్బు కూడా ఇటువంటి పొరపాట్లకు దారితీస్తాయి. తెల్లవారుజామున పరదాలు ఎత్తకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, షెడ్డు రెండు చివర్లలోనూ నడుమనూ చూస్తే పరిస్థితి తెలిసిపోతుంది. మధ్యాహ్నపు కొలత ఒక్కటే చూసుకొని తృప్తిపడటం వలన ప్రయోజనం లేదు.

ఇక్కడ సున్నం గురించి ఒక మాట. గడ్డకట్టిన లిట్టరును పొడిబార్చడానికి సున్నం కలపడం మన ప్రాంతంలో వాడుక. సున్నం తేమను పీల్చడం నిజమే. కానీ అది లిట్టరు పీహెచ్‌ను పెంచుతుంది. అంతవరకు అమ్మోనియం రూపంలో కట్టుబడి ఉన్న నత్రజని ఒక్కసారిగా అమ్మోనియా వాయువుగా లేస్తుంది. సున్నం కలపడానికి ముందు, కలిపిన గంట తరువాత పట్టీని చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. పిల్లలు షెడ్డులో ఉండగా ఈ పని చేయడం మంచిది కాదని నా అభిప్రాయం. సూపర్ ఫాస్ఫేట్, పటిక వంటి ఆమ్ల స్వభావం గల పదార్థాలు ఇందుకు వ్యతిరేక దిశలో పనిచేసి అమ్మోనియాను లిట్టరులోనే పట్టి ఉంచుతాయి.

గోదాములో ఫాస్ఫీన్: ఒకే వాయువు, రెండు ప్రశ్నలు

3 గ్రాముల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలోని తేమతో చర్య జరిపి సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్‌ను ఇస్తుంది. చూడటానికి ఇది చిన్న మొత్తమే. కానీ లెక్క కట్టి చూద్దాం. 1 గ్రాము ఫాస్ఫీన్ మామూలు ఉష్ణోగ్రత వద్ద దాదాపు 0.7 లీటరు ఘనపరిమాణం ఆక్రమిస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదిలో సుమారు 28,000 లీటర్ల గాలి ఉంటుంది. మూసిన ఆ గదిలో ఒకే ఒక బిళ్ల పూర్తిగా విడిపోతే గాఢత సుమారు 25 పీపీఎం అవుతుంది. ఎనిమిది గంటల పనిదినానికి అమెరికా కార్మిక భద్రతా నియమాలు అనుమతించే పరిమితి 0.3 పీపీఎం. అంటే ఒక్క బిళ్లతో ఆ గది ఎనభై రెట్లకు పైగా పరిమితి దాటిపోతుంది. బియ్యపు డబ్బాలో బిళ్ల వేసి అదే గదిలో నిద్రపోవడం ఎంత ప్రాణాంతకమో ఈ లెక్కే చెబుతుంది. ఫాస్ఫీన్‌కు విరుగుడు మందు లేదు. మన దేశంలో ఈ బిళ్లల అమ్మకాన్ని ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పురుగు నియంత్రణ సంస్థలకు పరిమితం చేసింది ఇందుకే.

గోదాములో ఈ వాయువు గురించి అడగవలసిన ప్రశ్నలు రెండు. కప్పిన టార్పాలిన్ లోపల పురుగు చచ్చేంత గాఢత కావలసినన్ని రోజులు నిలిచిందా అన్నది ఒకటి. టార్పాలిన్ బయట మనిషికి హాని కలిగించేంత లీకవుతున్నదా అన్నది మరొకటి. మొదటి ప్రశ్నకు వందల పీపీఎంలలో, రెండవదానికి దశాంశాల్లో సమాధానం కావాలి. ఏ ఒక్క కాగితమూ ఈ రెండు పనులూ చేయలేదు. మొదటి ప్రశ్నను ఎవరూ అడగకపోవడం వలన కలిగిన నష్టం చిన్నది కాదు. టార్పాలిన్ చిల్లుల గుండా వాయువు కారిపోయి, చాలీచాలని గాఢతలో బతికి బయటపడిన పురుగులే తరువాతి తరాలకు తల్లిదండ్రులయ్యాయి. బియ్యపు ముక్కు పురుగు, వడ్ల చిల్లు పురుగు, ఎర్ర పిండి పురుగు వంటి వాటిలో ఫాస్ఫీన్‌ను తట్టుకొనే శక్తి నేడు అనేక దేశాల్లోనూ మన దేశంలోనూ నమోదవుతున్నది.

ఈ పనికి అనువైనది సూచిక గొట్టం. రెండు చివరలా మూసి ఉన్న సన్నని గాజు గొట్టంలో రసాయనం పూసిన రేణువులు నింపి ఉంటాయి. చివరలు విరిచి, చేతి పంపుకు తగిలించి, నిర్ణీత పరిమాణంలో, సాధారణంగా ఒక్కో లాగుడుకు 100 మిల్లీలీటర్ల గాలిని లాగుతారు. వాయువు ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత లోపలి వరకు పాకుతుంది. గొట్టం మీది గీతలను చూసి పీపీఎం చదువుకోవచ్చు. ఇక్కడ మనం చదివేది రంగు ఛాయను కాదు, రంగు పాకిన పొడవును. ఛాయను పోల్చడంలో ఇద్దరి కళ్లు ఏకీభవించకపోవచ్చు గాని పొడవును చూడటంలో ఏకీభవిస్తాయి. ఈ గొట్టం గొప్పదనమంతా అక్కడే ఉన్నది. ఫాస్ఫీన్ గొట్టాల్లో కొన్నింటిలో మెర్క్యురిక్ క్లోరైడ్ ఉంటుంది. అది ఫాస్ఫీన్‌తో కలిసినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడి పక్కనున్న సూచిక రంగును మారుస్తుంది. మరికొన్నింటిలో బంగారపు లవణం క్షయీకరణం చెంది బూడిద ఊదా రంగు సూక్ష్మ బంగారంగా మారుతుంది. కొలతలో సుమారు 25 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చునని తయారీదారులే ఒప్పుకొంటారు. 0.3కు బదులు 0.4 చూపినా ఫరవాలేదు, 3 ఉన్నదా 0.3 ఉన్నదా అన్నది తెలియడమే ముఖ్యం.

గొట్టాలు అందుబాటులో లేనిచోట లీకు ఎక్కడున్నదో వెదకడానికి రెండు కాగితాల పద్ధతి పనికొస్తుంది. సిల్వర్ నైట్రేట్ కాగితం ఫాస్ఫీన్‌కే కాక హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కూడా నల్లబడుతుంది. కాబట్టి దాని పక్కనే లెడ్ అసిటేట్ కాగితాన్ని కూడా ఉంచాలి. వెండి కాగితం ఒక్కటే నల్లబడి సీసం కాగితం తెల్లగా ఉంటే ఫాస్ఫీన్ అనుకోవచ్చు. రెండూ నల్లబడితే ఆ పరీక్షతో తీర్పు చెప్పలేము. సిల్వర్ నైట్రేట్ ఎండకు తనంతట తానే నల్లబడుతుంది గనుక కాగితాలను గోధుమ రంగు సీసాలో భద్రపరచి నీడలోనే వాడాలి. గోదాము గుమ్మం దగ్గర ఎండలో కట్టిన కాగితం సాయంత్రానికి నల్లబడితే అది సూర్యుడి పనే అయి ఉండవచ్చు. ఈ కాగితం లీకును చూపగలదు, కానీ లోపలికి వెళ్లవచ్చునని అనుమతి ఇవ్వలేదు. ఆ అనుమతికి గొట్టమో, సరిచూసిన మీటరో తప్పనిసరి.

పేడ గుంతలో, బయోగ్యాస్ గొట్టంలో

హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం వద్దనే ప్రాణాపాయ స్థాయిగా లెక్కిస్తారు. 500 పీపీఎం దాటితే స్పృహ తప్పడానికి ఎక్కువ సేపు పట్టదు. గుంతలో పడిన ఒకరిని తీయబోయి మరొకరు, వారి కోసం ఇంకొకరు దిగి ప్రాణాలు కోల్పోయే దుర్ఘటనల వార్తలు మనకు కొత్త కాదు. తడిపిన లెడ్ అసిటేట్ కాగితాన్ని దారానికి కట్టి గుంతలోకి దించితే కొద్ది నిమిషాల్లో హెచ్చరిక దొరుకుతుంది. నల్లబడితే దిగరాదు.

నల్లబడకపోతే? అప్పుడు కూడా దిగరాదు. ఈ విషయాన్ని నొక్కి చెప్పవలసి ఉన్నది. ఆ కాగితానికి తెలిసిన వాయువు ఒక్కటే. గుంతలో ఆమ్లజని తరిగిపోయి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ నిండి ఉన్నా కాగితం తెల్లగానే ఉంటుంది. పాడుబడిన బావుల్లో జరిగే మరణాల్లో చాలావాటికి కారణం ఆమ్లజని లేమి. రంగు మారే సెన్సారు తాను వెదికే వాయువు ఉన్నదని మాత్రమే చెప్పగలదు. గాలి మంచిదని అది ఎన్నడూ చెప్పలేదు. లోపలికి దిగవలసి వస్తే గాలి ఆడించడం, ఆమ్లజని మీటరు, నడుముకు తాడు, పైన మనిషి, ఇవన్నీ ఉండవలసిందే.

ఇదే కాగితానికి నిశ్చింతగా అప్పగించదగిన పని ఒకటి ఉన్నది. బయోగ్యాస్‌ను ఇంజనులోకి పంపే ముందు ఇనుప రజను నింపిన జాడీ గుండా పంపి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తొలగిస్తారు. కొంతకాలానికి ఆ ఇనుము శక్తి ఉడిగిపోతుంది. జాడీ తరువాతి గొట్టంలో చిన్న లెడ్ అసిటేట్ కాగితాన్ని ఉంచితే, అది గోధుమ రంగుకు తిరగడం మొదలుపెట్టిన రోజే ఇనుప రజను మార్చవలసిన రోజు. సీసం విషపదార్థం కాబట్టి వాడిన కాగితాలను దాణా గదుల్లో, పశువులు నాకే చోట్ల పారవేయరాదు, చేతులు కడుక్కోవాలి.

రంగు రాకపోవడమే హెచ్చరిక

ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ తరగతి పురుగుమందుల విషయంలో ఈ తర్కం తలకిందులవుతుంది. ఈ మందులు పురుగుల్లోనూ మనుషుల్లోనూ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును స్తంభింపజేస్తాయి. పరీక్ష పట్టీ మీద ఆ ఎంజైమునే ఉంచి, అది విడగొట్టగానే నీలం రంగునిచ్చే పదార్థాన్ని చేరుస్తారు. గాలిలోనో కూరగాయ మీదనో మందు లేకపోతే ఎంజైము పనిచేసి పట్టీ నీలమవుతుంది. మందు ఉంటే ఎంజైము చచ్చుబడి పట్టీ రంగు మారకుండా ఉండిపోతుంది. నాడీ విషవాయువుల కోసం సైన్యాలు వాడే పట్టీల సూత్రం కూడా ఇదే. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఎండలో, వేడిలో నిల్వ ఉంచిన పట్టీలో ఎంజైము తనంతట తానే చెడిపోవచ్చు. అప్పుడు మందు లేకపోయినా రంగు రాదు. అందుకే పక్కనే శుభ్రమైన నీటితో మరో పట్టీని కూడా పరీక్షించి, అది నీలమయ్యిందా లేదా చూసుకొన్న తరువాతే మొదటిదాన్ని నమ్మాలి.

అనేక చుక్కల పలక

ఇంతవరకు చూసినవన్నీ ఒక వాయువుకు ఒక రంగు అన్న పద్ధతివి. మన ముక్కు అలా పనిచేయదు. దానిలో దాదాపు 400 రకాల గ్రాహకాలున్నాయి. ఏ ఒక్కటీ ఏ ఒక్క వాసనకో పరిమితం కాదు. అన్నింటి స్పందనల కలయికను మెదడు గుర్తుపడుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ సస్లిక్ బృందం ఈ ఆలోచనను రంగుల్లోకి మార్చి 2000లో నేచర్ పత్రికలో ప్రచురించింది. వారు ఎంచుకొన్న ప్రధాన రంజకాలు పార్ఫిరిన్లు. ఆకులోని పత్రహరితానికి, రక్తంలోని హీమ్‌కు ఆధారమైన వలయ నిర్మాణం వీటిదే. పత్రహరితంలో ఆ వలయం నడుమ మెగ్నీషియం, హీమ్‌లో ఇనుము ఉంటాయి. నడిమి లోహాన్ని మార్చితే అది ఏ వాయువును ఎంత గట్టిగా పట్టుకొంటుందో మారుతుంది, దానితో రంగు కూడా మారుతుంది.

ఇటువంటి రంజకాలను, ఆమ్లక్షార సూచికలను, ఇతర రంగు పదార్థాలను చుక్కలుగా ఒక చిన్న పలక మీద ముద్రిస్తారు. వాయువు తగలక ముందు, తగిలిన తరువాత స్కాన్ చేసి ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత మారాయో లెక్కిస్తారు. ఆ మార్పుల పటం వాయువుకు వేలిముద్ర వంటిది. 2009లో ఇదే బృందం 36 చుక్కల పలకతో అమ్మోనియా, ఫాస్ఫీన్ వంటి 19 పారిశ్రామిక విషవాయువులను, ప్రాణాపాయ గాఢతల వద్ద రెండు నిమిషాల్లో, ఒకదాని నుంచి ఒకటి వేరు చేసి చూపింది. వెండి కాగితం తేల్చలేని తగవును ఇటువంటి పలక తేల్చగలదు. అయితే అది ముందుగా నేర్చుకొన్న వాయువులనే గుర్తిస్తుంది. అమ్మోనియాతో పాటు దుమ్ము, అమైన్లు, గంధక సమ్మేళనాలు కలగలిసి ఉండే కోళ్ల షెడ్డు గాలిని దానికి ప్రత్యేకంగా నేర్పవలసి ఉంటుంది.

చేతిలోని మొబైల్ ఫోను కెమెరాతో ఈ రంగులను చదవడం నేడు తేలికైన పనిగా కనిపిస్తుంది. ఫోను తన ఇష్టం వచ్చినట్లు తెలుపును సరిదిద్దుకోవడమే ఇందులోని ఇబ్బంది. ఎండలో తీసిన ఫొటోలోని నీలం, బల్బు కింద తీసిన ఫొటోలోని నీలం ఒకటి కావు. సెన్సారు కార్డు మీదనే తెలుపు, బూడిద, తెలిసిన కొన్ని రంగుల గళ్లు ముద్రించి, వాటితో పోల్చి సరిచూస్తే ఈ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది.

తేమ, వేడి

రంగు కాగితాల చరిత్రలో మరువరాని ఉదాహరణ ఓజోన్‌ది. ఓజోన్‌ను కనుగొన్న క్రిస్టియన్ ఫ్రెడరిక్ షోన్‌బైన్ 1840ల దశకంలో పిండి, పొటాషియం అయొడైడ్ పూసిన కాగితంతో దాన్ని గుర్తించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఓజోన్ తగిలితే అయొడిన్ విడుదలై, పిండితో కలిసి నీలం రంగునిస్తుంది. ఐరోపాలో ఎందరో ఈ కాగితాలను వేలాడదీసి, పట్టికతో పోల్చి, ఏళ్ల తరబడి అంకెలు రాసిపెట్టారు. ఆ కాగితం రంగు ఓజోన్‌తో పాటు గాలిలోని తేమ మీద, గాలి వేగం మీద కూడా ఆధారపడుతుందని తరువాత స్పష్టమైంది. ఫలితంగా అంత శ్రమతో సేకరించిన అంకెలను నేటి ఓజోన్ కొలతలతో నేరుగా పోల్చడానికి వీలులేకుండా పోయింది. (ఓజోన్‌కు మొక్కల్లోనే ఒక సూచిక ఉన్నది. బెల్ డబ్ల్యూ-3 అనే పొగాకు రకం ఆకుల మీద ఓజోన్ వలన తెల్లని మచ్చలు పడతాయి. దాన్ని ఆ పనికే పెంచుతారు.)

ఈ అనుభవం మనకు ప్రత్యేకించి వర్తిస్తుంది. విత్తన ప్రయోగశాలలోని నీలి సిలికా జెల్ తేమకు గులాబీ రంగుకు మారడం మనమంతా చూసినదే. ఏ రంగు కాగితమైనా తేమను కొంత పీల్చుకొనే స్వభావం గలదే. అమ్మోనియా చర్యకు నీరు అవసరం కాబట్టి తేమ పెరిగితే చర్య వేగం మారుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే కాగితం మీది నీరు త్వరగా ఆరిపోతుంది, వాయువు అందులో తక్కువగా కరుగుతుంది. సూచిక గొట్టాల కరపత్రాల్లో సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ దగ్గర చేసిన కొలతలనే ప్రామాణికంగా తీసుకొంటారు. అంతకు మించిన స్థితులకు సవరణ గుణకాలు ఇస్తారు, వాడేవారిలో ఆ కరపత్రం విప్పి చూసేవారు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మన షెడ్లలో 40 డిగ్రీలు మామూలు. వర్షాకాలంలో కోస్తా జిల్లాల గోదాముల్లో తేమ 85 శాతం దాటుతుంది. ఏ పట్టీనైనా రైతులకు సిఫారసు చేసే ముందు, మన ప్రయోగశాలల్లో ఒక మూసిన పెట్టెలో తెలిసిన గాఢతతో అమ్మోనియాను నింపి, 25, 35, 40 డిగ్రీల వద్ద, 50, 70, 90 శాతం తేమల వద్ద దాని రంగును ఫొటో తీసి స్థానిక పట్టికను తయారుచేయవలసి ఉన్నది. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. స్నాతకోత్తర విద్యార్థి ఒక సీజనులో పూర్తిచేయగల పని ఇది, ఆ పట్టిక తెలుగులో ముద్రితమై పట్టీల పొట్లంతో పాటు షెడ్డు గోడ మీదికి చేరాలి.